నువ్వు రాసి పంపమన్న సాక్ష్యం

అమ్మకు,

నీ కొడుకు వందనాలు. ఒంట్లో బాగానే ఉంది, వేళకు తింటున్నాను. నువ్వూ చెల్లీ క్షేమమని నీ ఉత్తరం వల్ల తెలిసింది. ప్రార్థన వేళకు నాన్న రేడియో గొంతు పెంచుతున్నాడని కూడా రాయించావు కాబట్టి ఆయన మీ ఇద్దరికంటే క్షేమమని తెలిసింది.

ఫోనులో చెప్పక ఇన్ని కాగితాలు దేనికి అంటావు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ "స్తోత్రం నాయనా" అంటూనే ఎత్తావు. నీ కుట్టు మిషను బెల్టు సంగతి అడిగి పెట్టేశాను. కాగితమైతే మధ్యలో స్తోత్రం చెప్పదు. చెల్లీ, చదివి వినిపించేది నువ్వే కాబట్టి నీకొక మాట. అమ్మ మొహం చూసి ఏ ముక్కా మింగెయ్యకు. ఏడిస్తే ఏడవనివ్వు. ఆగు, మంచినీళ్ళివ్వు, మళ్ళీ చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. దగ్గు పోయింది. గది పైకప్పు కారడం పోలేదు. మంచం పక్కన బకెట్టు పెట్టుకున్నాను. ఇంటావిడ వచ్చి, కప్పు వైపు తల కూడా ఎత్తకుండా బకెట్టు చూసి, "గట్టిగా ఉందే, ఎక్కడ కొన్నావు" అని అడిగి వెళ్ళింది. నువ్వు కుట్టి పంపిన చొక్కా బాగుంది గానీ చంకల దగ్గర పట్టేస్తోంది. మా పనిలో చేతులు ఎప్పుడూ తల పైనే ఉంటాయి, ఈసారి రెండు వేళ్ళంత వదులుగా కుట్టు. ఆదివారం ఆరాధనకు పోతున్నావా అని అడిగావు. ఒక్క ఆదివారం కూడా మానలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

లిఫ్టు తాడు తెగితే లోపలున్నవాళ్ళ గతేంటని నాన్న అడిగాడట. ఆయనకు చెప్పు. తాడు ఒకటి కాదు, ఐదు ఉంటాయి. నాలుగు తెగినా ఐదోది మోస్తుంది. భయపడాల్సింది బ్రేకు గురించి. మేడ నెత్తిన మోటారు గది అని చిన్న గది ఉంటుంది. అందులో మోటారు పక్కనే ఒక ఇనుప చక్రం, దాన్ని రెండు వైపుల నుంచి రెండు అరచేతుల్లా పట్టుకునే బ్రేకు. లిఫ్టు నడిచేటప్పుడు ఆ చేతులు విడిపోతాయి, ఆగినప్పుడు చక్రాన్ని గట్టిగా పట్టుకుంటాయి. చేతుల లోపల ఒక పట్టీ ఉంటుంది. అది కాలిపోయినా, అరిగిపోయినా పట్టు ఉండదు. తలుపు తెరుచుకున్నాక, మనిషి ఒక కాలు బయట పెట్టాక, లిఫ్టు దానంతటది జారుతుంది. ఇదంతా నాన్న ఒక్కడి కోసం రాయలేదు. నువ్వు కూడా గుర్తుపెట్టుకో, ముందు ముందు కావాలి.

ఇక నాలుగు పేజీల ఉత్తరంలో మూడు పేజీలు నువ్వు రాయించిన సంగతి. చూడని లిఫ్టు మీద చూశానని సంతకం పెట్టనని నేను ఎదురు తిరిగిన ముచ్చట నువ్వు సంఘంలో లేచి చెప్పావట. అందరూ ఆమెన్ అన్నారట. పాస్టరు అయ్యగారు దాన్ని యవ్వనస్తుల కూటంలో చదివి వినిపిస్తానన్నారట. "రెండు పేజీల్లో నీ సాక్ష్యం శుభ్రంగా రాసి పంపు. మొన్నటి ప్రమాదం నుంచి ప్రభువు నిన్ను తప్పించిన సంగతీ, పెద్ద మెకానిక్‌ పని ఇచ్చి హెచ్చించిన సంగతీ మరవకుండా చేర్చు." చెల్లి దస్తూరీలో ‘హెచ్చించిన’ కింద గీత కూడా ఉంది.

రాస్తున్నాను. రెండు పేజీల్లో పట్టదు. శుభ్రంగానూ ఉండదు.

మా పని ఇద్దరిద్దరుగా చేస్తాం. ఒక మెకానిక్‌, ఒక సహాయకుడు. నాకు పడిన మెకానిక్‌ను నేను బాబాయ్ అంటాను. రక్తసంబంధం ఏమీ లేదు, వయసును బట్టి. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాడు, మోకాళ్ళు అరిగిపోయాయి. నేను బడిలో చదివింది తక్కువని నీకు తెలుసు. వైర్ల పటాలు చదవడం, ఆఫీసువాళ్ళు పారేసిన పాత పుస్తకాల్లో నాకు నేను నేర్చుకున్నాను. కానీ పుస్తకంలో లేనిదంతా బాబాయ్ నేర్పాడు. "మోటారు గదిలోకి వెళ్ళగానే ముందు ముక్కు పెట్టరా, కళ్ళు తర్వాత" అనేవాడు. "కాలిన వాసన మొహమాటపడదు."

మా షెడ్డులో ఇరవై మందిమి. నా పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ నేను ‘ప్రవక్త’ను. జీతాల రోజు అందరూ తాగడానికి పోతే నేను గదికి పోతాను. వాళ్ళు బూతు జోకు మొదలుపెట్టి నన్ను చూసి "ఆగండ్రోయ్, ప్రవక్తగారు చెవులు మూసుకోవాలి" అంటారు. ఒకరోజు అన్నం డబ్బా ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని కళ్ళు తెరిస్తే డబ్బా లేదు. "దేవుడు దీవించి పట్టుకుపోయాడురా" అన్నారు. బాబాయ్ కూడా నవ్వాడు. నవ్వి, తన డబ్బాలోది సగం నా వైపు తోశాడు. ఇవన్నీ నీకు ఫోనులో చెప్పాను. డబ్బా పోయిన సంగతి సంఘంలో హింస కింద చెప్పావని విన్నాను. బాబాయ్ సగం పెట్టిన సంగతి నేను నీకు చెప్పలేదు, కాబట్టి నువ్వూ చెప్పలేదు.

ప్రతి మోటారు గది తలుపుకూ ఒక మేకు, మేకుకు ఒక కార్డు. నెలనెలా బ్రేకు, తాళ్ళు, తలుపులు చూసి తేదీ వేసి సంతకం పెట్టాలి. కంపెనీ మాకు రోజుకు పద్నాలుగు లిఫ్టులు రాసిస్తుంది. సరిగ్గా చూస్తే ఆరు చూడగలం, ఏడోదానికి పొద్దు వాలుతుంది. పద్నాలుగు రాసినవాడెవడో ఒక్కరోజు నా సంచి భుజాన వేసుకుని తిరిగితే బాగుండును. మిగతా ఎనిమిదింటికీ ఏం చేస్తారంటే, పైకి వెళ్ళి, కార్డు తీసి, సంతకం పెట్టి దిగుతారు. దానికి షెడ్డులో పేరు కూడా ఉంది, గాలి సంతకం. అందరూ పెడతారు. సిగ్గుపడేవాడు లేడు. మొదటి ఏడాది నేనూ పెట్టాను. ఆ సంగతి కూడా నీకు చెప్పలేదు.

తర్వాత ఒక ఆదివారం వాక్యం విని వచ్చి, మర్నాడు సూపర్వైజరు ముందు నిలబడి ఇక పెట్టనన్నాను.

"నీ ఒక్కడికే ఉందా మనస్సాక్షి? మిగతావాళ్ళంతా దాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసుకొస్తున్నారా?" అన్నాడు.

"వాళ్ళ సంగతి నాకు తెలియదు సార్. చూడనిదాని మీద చూశానని నేను పెట్టను."

"మానేస్తావా?"

"మానేయమంటే మానేస్తాను."

నాకు కోపం వస్తే గొంతు లేస్తుంది, నీకు తెలుసు. షెడ్డంతా పని ఆపి చూసింది. సూపర్వైజరు కాసేపు కలంతో బల్ల మీద కొట్టి, బాబాయ్ వైపు తిరిగాడు. "సరే. వీడు చూసిన ఆరింటికీ వీడు పెట్టుకుంటాడు. మిగతా ఎనిమిదీ నువ్వు పెట్టు. ఏం పెద్దాయనా?"

బాబాయ్ మోకాలు నిమురుకుంటూ, "నాదేముంది సార్, ఇన్నేళ్ళూ పెట్టినవేగా" అన్నాడు.

అంతే. మూడు నిమిషాల్లో తేలిపోయింది. ఆ మాట కాగితం మీద ఎక్కడా లేదు. సూపర్వైజరుకు, బాబాయ్‌కి, ఎదురుగా నిలబడ్డ నాకు తెలుసు. వెనకున్నవాళ్ళను అడిగితే ఏమీ వినలేదంటారు. బయటికి వచ్చాక బాబాయ్ సంచి ఎత్తుకుంటూ, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. పోనీలే, నీ దారిన నువ్వు పో" అన్నాడు. నేను ఛాతీ విరుచుకుని నడిచాను. అప్పుడే నీకు ఫోను చేశాను. నువ్వు ఆనందంతో ఏడ్చావు. నేను పెట్టని ఎనిమిది సంతకాలు ఎవరు పెడుతున్నారని నువ్వు అడగలేదు. నీకు తెలియదు. తెలిసినవాణ్ణి నేను, నన్ను నేనూ అడగలేదు.

ఇక ప్రమాదం సంగతి. నీకు ఫోనులో చెప్పింది, లిఫ్టు జారి ఎవరికో దెబ్బ తగిలిందని. ఆ ‘ఎవరో’ అంతస్తులు తుడిచే ఆవిడ. నీ ఈడు ఉంటుంది. ఎనిమిది అంతస్తుల మేడ. శనివారం పొద్దున్న బకెట్ల బండి వెనక లాక్కుంటూ ఐదో అంతస్తులో దిగుతోంది. ఒక కాలు బయట, ఒక కాలు లోపల. బ్రేకు పట్టలేదు. లోపల బరువు తక్కువ కాబట్టి, తాళ్ళకు అవతలి కొసన ఉండే ఎదురు బరువు లాగేసి లిఫ్టు పైకి లేచింది. ఆవిడ పడిపోయింది, కాలు లిఫ్టు అంచుకూ తలుపు చట్రానికీ మధ్య ఇరుక్కుంది. బండి సందులో అడ్డం పడి లిఫ్టు ఆగింది కాబట్టి ప్రాణం దక్కింది. ఎముక రెండు చోట్ల విరిగింది. మళ్ళీ నడుస్తుంది, కానీ మునుపటిలా కాదని డాక్టరు చెప్పాడు. నిలబడి తుడవడమే ఆవిడ బతుకు.

కార్డు మీద మూడు రోజుల కిందటి తేదీ ఉంది. సంతకం బాబాయ్‌ది.

బాబాయ్‌ని అదే రోజు పనిలోంచి ఆపేశారు. తనిఖీ అధికారి వచ్చి విచారణ పెట్టాడు. తప్పు రుజువైతే బాబాయ్ లైసెన్సు రద్దవుతుంది. ఇక్కడే కాదు, ఎక్కడా లిఫ్టు ముట్టుకోవడానికి ఉండదు. బాబాయ్ తప్పు ఒప్పుకున్నాడు. "చూడకుండా పెట్టాను. కానీ పెట్టమన్నది మా సూపర్వైజరే. రోజుకు ఎనిమిది చూడకుండా పెట్టమన్నాడు" అన్నాడు. సూపర్వైజరు, "అబద్ధం సార్. ఈయన మోకాళ్ళ నొప్పులకు బద్ధకించి పెట్టినవి అవి. నేనెందుకు చెబుతాను" అన్నాడు. బాబాయ్ నా వైపు చేయి చూపించాడు. "వాణ్ణి అడగండి. వాడు అబద్ధం చెప్పడు."

అధికారి నన్ను నిలబెట్టి అడిగాడు. "ఆయన చెప్పింది నిజమేనా?"

నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. "నేను సంతకం పెట్టినవాటికే నేను బాధ్యుణ్ణి సార్. ఆ కార్డు మీద నా సంతకం లేదు."

అధికారి కార్డు చూశాడు. లేదు. "సరే, కూర్చో" అన్నాడు. అబద్ధం ఒక్కటి కూడా లేదమ్మా అందులో. వెతికి చూడు. తలుపు సందులో వేలు పెట్టి తలుపు వేసినట్టు బాబాయ్ మొహం ఒక్కసారి ముడుచుకుంది, తర్వాత మామూలైంది.

వారం తిరక్కుండా సూపర్వైజరు నన్ను పిలిచి, బాబాయ్ సంచి నా చేతికిచ్చి, ఇక నువ్వే పెద్ద మెకానిక్‌వి అన్నాడు. నువ్వు గీత గీయించిన హెచ్చింపు ఇదే. నువ్వేమో ప్రభువు తప్పించాడన్నావు. ఇక్కడి సంఘంలోనూ అదే మాట. "చూశావా, నిజాయితీగా ఉన్నందుకు దేవుడు నీ పేరు ఆ కార్డు మీద లేకుండా చేశాడు." ఎవరు ఆ మాటన్నా గుమ్మడికాయల దొంగలా నా భుజాలు నేనే తడుముకుంటున్నాను. పైకి మాత్రం తల ఊపుతున్నాను.

ఇప్పుడు చెల్లీ, ఇక్కడి నుంచి నెమ్మదిగా చదువు.

కార్డు మీద తేదీ వేసిన బుధవారం, ఆ మేడకు బాబాయ్‌తో నేనూ వెళ్ళాను. ఆ రోజుకు అది పన్నెండో లిఫ్టు. సాయంత్రం ఐదు దాటింది. ఆరున్నరకు ప్రార్థన కూటం, అందులో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. దేని గురించో నీకు తెలుసు. గాలి సంతకాలు పెట్టనని నిలబడినందుకు. పొద్దున్నుంచీ బాబాయ్ ఆటపట్టిస్తున్నాడు. "ఈ రోజు మీ దేవుడు నీకు మెడల్ వేస్తాడటగా. మెడ కడుక్కుని వెళ్ళు." నాకు ఒళ్ళు మండిపోతోంది.

పై అంతస్తు నుంచి మోటారు గదికి ఇనుప నిచ్చెన. బాబాయ్ నిచ్చెన కింద ఆగిపోయాడు. "మోకాలు మొండికేసిందిరా. పైకెక్కి కార్డు పట్టుకురా, ఇక్కడే పెట్టేస్తాను."

ఎక్కాను. కార్డు మేకు తలుపుకు లోపలి వైపు ఉంది. తలుపు తీయగానే వాసన కొట్టింది. కాలిన బ్రేకు పట్టీ వాసన. ఒకసారి పీలిస్తే చచ్చేదాకా మరవని వాసన అది. చక్రం కింద నల్లటి పొడి రాలి ఉంది. వేలితో తాకాను. వేడిగా ఉంది, వేలు నల్లబడింది. పట్టీ ఎన్నాళ్ళనుంచో రాసుకుని కాలిపోతోందని అర్థమైంది.

చెప్పానంటే లిఫ్టు ఆపాలి. బ్రేకు విప్పాలి. షెడ్డుకు పోయి పట్టీ తేవాలి. తక్కువలో తక్కువ రెండు గంటలు. కూటం అయిపోతుంది. ఇది నేను అక్కడ నిలబడి, లెక్కగా, తెలిసి అనుకున్న మాట. తొందరలో మరిచిపోయాననో, తోచలేదనో రాస్తే అది ఇంకో గాలి సంతకం అవుతుంది. ఆ వెనకే ఇంకో మాట కూడా అనుకున్నాను, అది ఇంకా పాడు మాట. ‘పెట్టుకోనీ. ఆయన సంతకమేగా.’

కార్డు తీసుకుని దిగాను. బాబాయ్ అడిగాడమ్మా. అడక్కపోయినా బాగుండేది. "పైన అంతా బాగుందా?"

"సంతకం నీది కదా బాబాయ్, నన్నడుగుతావేం" అన్నాను.

బాబాయ్ నవ్వాడు. ప్రవక్తకు కోపం తగ్గలేదనుకుని ఉంటాడు. కార్డు గోడకు ఆనించి రాయబోతే ఆయన కలం రాయలేదు. నా కలం తీసి ఇచ్చాను. ఆయన పెడుతున్నప్పుడు నేను చూడలేదు, మొహం అటు తిప్పుకున్నాను. చూడకపోతే నాకు అంటదనుకున్నాను కాబోలు. మళ్ళీ ఎక్కి కార్డు మేకుకు తగిలించింది కూడా నేనే. రెండోసారి కూడా ఆ వాసన పీల్చాను.

ఆరున్నరకు ఇంకా ఐదు నిమిషాలుండగానే చేరాను. మందిరం బయట కుళాయి దగ్గర సబ్బుతో వేలు తోముకున్నాను. లోపలికి వెళ్ళి సాక్ష్యం చెప్పాను. లోకమంతా ఒక దారిన పోతున్నా ప్రభువు నన్ను నిలబెట్టాడని చెప్పాను. బాగా చెప్పాను. ఒక ముసలామె కళ్ళు తుడుచుకుంది. యేసును సిలువకు అప్పగించి, ఈ పాపం నాది కాదని అందరి ముందూ చేతులు కడుక్కున్న ఆ అధికారి సంగతి చిన్నప్పుడు నీ ఒడిలో ఎన్నిసార్లు విన్నానో. ఆ సాయంత్రం ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

శనివారం లిఫ్టు జారింది.

ఆసుపత్రికి వెళ్ళాను. ఏమి చెప్పాలో అనుకుని వెళ్ళలేదు, ఊరికే కాళ్ళు తీసుకెళ్ళాయి. ఆవిడ కాలు పైకి కట్టి ఉంది. "ఎవరు బాబూ" అని అడిగింది. లిఫ్టు కంపెనీ అన్నాను. తిడుతుందనుకున్నాను. "బాగుచేశారా మరి? పిల్లా జెల్లా ఎక్కుతారు, నాలుగో అంతస్తులో కడుపుతో ఉన్న అమ్మాయి కూడా ఉంది" అంది. బాగుచేశాం అన్నాను. "ఎంతసేపు పట్టింది?" అని అడిగింది. రెండు గంటలు అన్నాను. "అంతేనా" అంది. అక్కడ ఇంకో నిమిషం ఉండలేకపోయాను.

మొన్న ఆదివారం ఇక్కడి సంఘ పెద్ద ఒకాయనతో మొత్తం చెప్పాను. మంచివాడే. నెమ్మదిగా విన్నాడు. విని, "అడిగినదానికి నిజమే చెప్పావు కదా బాబూ. అడగనిది కూడా చెప్పమని వాక్యంలో ఎక్కడుంది? పై సోమవారం మళ్ళీ విచారణ ఉందిగా, అందులో నువ్వు నోరు తెరిస్తే, ప్రార్థన కూటానికి వచ్చే తొందరలో ఒక మనిషి కాలు విరగ్గొట్టారని ఊరంతా నవ్వుతుంది. సంఘానికి మచ్చ" అన్నాడు. లోకం దారి మందిరం గుమ్మం బయట ఆగిపోతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చెప్పులు విప్పి మాతోబాటు లోపలికి వచ్చి కూర్చుంటుందని తెలియదు. ఆయన మీద అరిచేసి వచ్చాను. అరిచింది ఆయన మీద కాదని వీధి మలుపు తిరిగాక అర్థమైంది. ఆయన చెప్పింది నేను వారం రోజులుగా నాకు చెప్పుకుంటున్నదే.

నిన్న బాబాయ్ ఇంటికి వెళ్ళాను. రెండు గదులు. పక్కింటివాళ్ళ బల్ల ఫ్యాను విప్పి బాగుచేస్తున్నాడు. ఆయన భార్యను నేను పిన్ని అంటాను. నన్ను చూసి పలకరించకుండా లోపలికి వెళ్ళింది.

"కూర్చో. నా సంచి బరువెలా ఉందిరా?" అన్నాడు బాబాయ్.

"బరువుగానే ఉంది బాబాయ్." కూర్చోలేదు. "ఆ బుధవారం పైన నాకు కాలిన వాసన వచ్చింది."

స్క్రూడ్రైవరు ఆగింది. ముందు మెకానిక్‌లాగే అడిగాడు. "ఎంత వాసన?"

"తలుపు తీయగానే కొట్టింది. కింద పొడి రాలింది. వేడిగా ఉంది."

"మరి చెప్పలేదేం?"

"కూటానికి ఆలస్యమవుతుందని."

"ఏం కూటం?"

"సాక్ష్యం చెప్పాలి. గాలి సంతకాలు పెట్టనని."

స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. తిడితే బాగుండును, కొట్టినా బాగుండును. పిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఒరేయ్" అన్నాడు మెల్లగా. "గాలి సంతకాలు నేను పెట్టానురా. ఇరవై రెండేళ్ళు పెట్టాను. దానికి ఏ శిక్ష వేసినా నోరెత్తను. కానీ వాసన వచ్చాక ఒక్కటి కూడా పెట్టలేదు."

అప్పుడు కూర్చున్నాను. సోమవారం అన్నీ చెబుతానన్నాను. సూపర్వైజరు ఎనిమిదీ పెట్టమన్న మాట, నేను పైన చూసింది, కార్డు తెచ్చింది, కలం ఇచ్చింది.

"చెబితే నీ పని పోతుంది. నా పని తిరిగి రాదు, సంతకం నాదే కదా. కేసు నీ మీదికి కూడా వస్తుంది. ఎవరికిరా లాభం?"

పిన్ని అందుకుంది. "చెప్పనివ్వండి. తప్పు చేశారు, సరే. ఆ రోజు అందరి ముందూ మిమ్మల్ని అబద్ధాలకోరును చేశారు కదా. అదొక్కటైనా తీసేయనివ్వండి."

బాబాయ్ ఫ్యాను వైపు తిరిగి, "సర్లే, ఆ చిన్న మర అందుకో" అన్నాడు. అందించాను. ఆయన నన్ను క్షమించాడని అనుకోకు, క్షమించలేదు. పని ఆగకూడదని మర అడిగాడు, అంతే.

అమ్మా, చిన్నప్పటి నుంచీ నువ్వు నేర్పింది ఒకటే. లోకం ఒక దారిన పోతే నువ్వు నిలబడు అన్నావు. నిలబడ్డాను. నిలబడేటప్పుడు పక్కనున్న మనిషిని తోసేసి ఆ చోట నిలబడ్డాను. నువ్వు నేర్పింది తప్పని అనడం లేదు, నేను విశ్వాసం వదిలేశానని కూడా అనుకోకు. రేపు ఏ పనిలో చేరినా చూడనిదాని మీద సంతకం పెట్టను. కానీ పెట్టకపోవడం సాక్ష్యం కాదమ్మా. బుధవారం నాడు నన్ను అడిగిన సాక్ష్యం మందిరంలో కాదు, నిచ్చెన కింద అడిగారు. ‘పైన అంతా బాగుందా’ అని ఒక్క ముక్క.

అయ్యగారికి ఇవ్వాల్సింది ఈ ఉత్తరమే. చదివితే మొత్తం చదవమను, ముందు సగం చదివి ఆపొద్దను. చదవనంటే, నీ కొడుకు చెప్పింది సగమేనని నువ్వే లేచి చెప్పాలి. నీకు ఎంత తలవంపో తెలుసు. ఆ కుర్చీల్లో నీ వెనక ఎవరెవరు కూర్చుంటారో, ఎవరు ఎవరి మోచేతిని పొడుస్తారో కూడా తెలుసు. నీ వల్ల కాకపోతే చెప్పు, నేనే వచ్చి నిలబడతాను. సూపర్వైజరుకు బాబాయ్ సంచి ఈ పొద్దున్నే తిరిగి ఇచ్చేశాను. ఎందుకో చెప్పాను. "నీ పేరు ఎక్కడా లేదు కదరా, పిచ్చివాడా" అన్నాడు. మొదటిసారి ఆయన మాటలో నిజంగా ఆశ్చర్యం వినిపించింది. కాబట్టి పని పోయినట్టే. తర్వాత ఏం పని దొరుకుతుందో తెలియదు. నాన్న ఏమైనా అంటే అననివ్వు, ఈసారి ఆయనతో వాదించకు.

సోమవారం పదకొండు గంటలకు విచారణ. భయంగా ఉంది. ఎంత కోపమున్నా భయం భయమే. ఆ బల్ల ముందు నిలబడగానే మళ్ళీ అలాంటిదే ఒక నున్నటి నిజం నా నోట్లోంచి జారుతుందేమోనని భయం. నువ్వు ఎలాగూ ప్రార్థన చేస్తావు, వద్దన్నా ఆగవు. నన్ను తప్పించమని మాత్రం అడగకు. ఆవిడ కాలు గురించి ముందు అడుగు. బాబాయ్ గురించి అడుగు. మిగిలితే నా గొంతు పెగలాలని అడుగు.

ఇట్లు,
నీ కడుపున పుట్టినవాడు